విద్యానిధికి తగిన ప్రణాళిక

విద్యకు నిధి కోరువారు ముందుగా లోటును లెక్కతో చూపవలెను. 1994లో ఆరంభమైన జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమము ఇందుకు నిదర్శనము. 1991 జనాభా లెక్కలలో స్త్రీల అక్షరాస్యత దేశపు సగటగు 39.29 శాతమునకు తక్కువై యుండుట దానికి ముఖ్యార్హత. ఆ లోటు ప్రాతిపదికగా మన రాష్ట్రమున 1996లో కర్నూలు మొదలగు ఐదు జిల్లాలకు నిధి లభించినది. కట్టడములకు మాత్రము తొలుత 24 శాతమునకు మించి వెచ్చింపరాదని నియమించిరి.

2009 నాటి విద్యాహక్కు చట్టము 22వ సెక్షను ప్రకారము, పాఠశాల యాజమాన్య సంఘము వ్రాసిన అభివృద్ధి ప్రణాళికయే ప్రభుత్వ నిధులకు ఆధారము. ఆ సంఘమున ముప్పాతికమంది తల్లిదండ్రులే. కనుక కల్లూరు తల్లిదండ్రులు గదులు కావలెనని మాత్రమే వ్రాసి ఊరకుండరాదు. బడికి రాని పిల్లలెందరు, కారణమేమి, ఎంత ఖర్చుతో ఎన్నాళ్లకు వత్తురు, ఫలితమును ఎవరు పరీక్షింతురు అను నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాయవలెను. లెక్క లేని విన్నపము అర్జీగనే మిగులును.