ఊరు, రకం, నాణ్యత: మూడూ వేర్వేరు
మిర్చి వర్తకులకు ఇటలీ వైన్ చెప్పే పాఠం

(మా వాణిజ్య విలేఖరి)

పొన్నూరు: మిర్చి బేరాల్లో గుంటూరు, తేజ, డీలక్స్ అనే మాటలను ఒకే గాటన కట్టేవారున్నారు. నిజానికి మొదటిది ఊరు, రెండవది రకం, మూడవది నాణ్యత. ఈ తేడాను ఇటలీ వారు వైన్ విషయంలో చట్టంగా రాసుకున్నారు.

నెబ్బియోలో అనేది ద్రాక్ష రకం. బరోలో అనేది పియడ్‌మాంట్ ప్రాంతంలోని ఊరు. నిర్ణీతమైన 11 గ్రామాల హద్దులో పండిన నెబ్బియోలోతో చేసిన వైన్‌కే బరోలో పేరు చెల్లుతుంది. హద్దు దాటితే ద్రాక్ష అదే అయినా పేరు వేరు, ధర వేరు. 1963లో అక్కడ డి.ఓ.సి. తరగతికి చట్టం వచ్చింది. అంతకు పై మెట్టు డి.ఓ.సి.జి. ఇది బరోలోకు 1980లో దక్కింది. ఈ తరగతి సరుకు రుచి పరీక్షలో నెగ్గాలి, సీసాకు నంబరు గల పట్టీ ఉండాలి.

మన తేజ గుంటూరులోనూ, ఖమ్మంలోనూ పండుతుంది. కనుక తేజ అన్నంత మాత్రాన గుంటూరు సరుకు కాదు. గుంటూరు సన్నానికి 2009-10లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపుతో అమ్మదలచినవారు అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అయితే బస్తాలో రంగు, తేమ, తాలు ఎంతో పేరు చెప్పదు. అది మచ్చులోనే తేలాలి.

దూరపు బేరంలో "గుంటూరు బెస్టు" అని మాత్రమే రాసుకుంటే, తగాదా వచ్చిననాడు చూపడానికి ఆధారం మిగలదు. పండిన ప్రాంతం, రకం, తేమ శాతం, తాలు శాతం విడివిడిగా రాసుకుని, ఉభయులూ సీలు వేసిన మచ్చును దాచుకోవడం శ్రేయస్కరం.