బల్ల మీది కెర్నెల్, చెరువు గట్టు మీది కెర్నెల్

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి ఇంజినీరింగ్ చదివి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఎంబెడెడ్ లైనక్స్ ఉద్యోగంలో చేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చేరిన కొత్తల్లోనే ఒక పని మీద పడుతుంది. బోర్డు ఎప్పుడో ఒకప్పుడు బిగుసుకుపోతోంది, డీబగ్ ఆప్షన్లు పెట్టి కెర్నెల్ బిల్డ్ చేసి చూడమంటారు టీమ్ లీడ్. ‘మేక్ మెనూకాన్ఫిగ్’ నడిపి ‘కెర్నెల్ హ్యాకింగ్’ అనే మెనూ తెరిస్తే వందకు పైగా ఆప్షన్లు వరస కడతాయి. కొందరు కనబడ్డవన్నీ ఆన్ చేసేస్తారు. కొందరు సీనియర్ ఇచ్చిన కాన్ఫిగ్ ఫైలును ముట్టుకోకుండా వాడేస్తారు. రెండు పద్ధతుల్లోనూ వారం గడిచాక చేతిలో ఏమీ ఉండదు.

ఏ ఆప్షన్ మీద చెయ్యి వేసినా నేను అడిగేవి రెండే ప్రశ్నలు. తప్పు జరగని రోజుల్లో కూడా ఇది ఎంత మెమరీ, ఎంత వేగం తింటుంది? తప్పు దొరికినప్పుడు ఆ సాక్ష్యాన్ని ఎక్కడ రాస్తుంది, దాన్ని చదివే మనిషి అప్పుడు ఎక్కడ ఉంటాడు?

రెండో ప్రశ్న ఎందుకంత ముఖ్యమో మన వైపు ఉదాహరణతోనే చూద్దాం. రొయ్యల చెరువు గట్టున స్తంభానికి ఒక పెట్టె, అందులో లైనక్స్ నడిచే చిన్న బోర్డు, 512 ఎంబీ ర్యామ్. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవడం, తగ్గితే రిలే వేసి ఏరేటర్లు తిప్పడం దాని పని. రాత్రంతా నీళ్లలో నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున మట్టం అడుగంటుతుంది. ఆ వేళలోనే బోర్డు బిగుసుకుంటే? మీరు హైదరాబాదులో నిద్రలో ఉంటారు. గట్టు మీద రైతు ఉంటాడు. ఆయన చేతిలో సీరియల్ కేబుల్ ఉండదు, స్విచ్ ఉంటుంది. ఆపి మళ్లీ వేస్తాడు. వెయ్యాల్సిందే, పంట ఆయనది. ఆ ఒక్క చర్యతో ర్యామ్‌లో ఉన్న సాక్ష్యమంతా పోతుంది.

అందుకే ఒక్క కెర్నెల్‌తో సరిపెట్టకండి. రెండు కాన్ఫిగ్‌లు పెట్టుకోండి. ఒకటి ఆఫీసులో బల్ల మీద తప్పును వేటాడడానికి, రెండోది గట్టుకు పంపడానికి. మొదటిది ఎంత నెమ్మదిగా ఉన్నా ఫర్వాలేదు. రెండోది తేలిగ్గా ఉండాలి, తప్పు జరిగితే ఆనవాలు మిగల్చాలి, తనంతట తాను లేచి నిలబడాలి.

రెండింటిలోనూ ఉండాల్సినవి ముందు చెబుతాను. ‘డీబగ్ ఇన్ఫో’ పెడితే కెర్నెల్ నెమ్మదిస్తుందన్న అపోహ చాలా టీముల్లో ఉంది. అది నడిచే కోడ్‌ను మార్చదు. ‘వీఎంలైనక్స్’ ఫైలు బాగా లావవుతుంది, బిల్డ్‌కు డిస్కూ సమయమూ ఎక్కువ పడతాయి, అంతే. బోర్డు మీదికి వెళ్లే కుదించిన ఇమేజ్‌లో ఆ సమాచారం ఉండదు. మాడ్యూళ్ల సంగతి వేరు. వాటిలో అది అలాగే ఉండిపోయి ఫ్లాష్ నిండిపోతుంది, కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘ఇన్‌స్టాల్ మాడ్ స్ట్రిప్’ విలువను 1గా ఇవ్వండి. ‘కాల్‌సిమ్స్’ తీసేయకండి. అది లేకపోతే కెర్నెల్ తప్పులో పడినప్పుడు వచ్చే ఊప్స్ సందేశంలో ఫంక్షన్ల పేర్ల బదులు ఉత్త అడ్రసులే కనిపిస్తాయి. ‘డైనమిక్ డీబగ్’ ఉంచండి. డ్రైవర్లో రాసిన డీబగ్ ప్రింట్లు మామూలుగా నిద్రలో ఉంటాయి, కంట్రోల్ ఫైల్లో ఒక్క లైను రాస్తే ఆ ఫైలువో ఆ ఫంక్షన్‌వో మాత్రమే లేస్తాయి. కొత్త బిల్డ్ అక్కర్లేదు. ‘ఎఫ్‌ట్రేస్’ కూడా ఇలాంటిదే. ప్రతి ఫంక్షన్ మొదట్లో ఏ పనీ చేయని ఇన్‌స్ట్రక్షన్ వదిలి, అడిగినప్పుడే దాన్ని ట్రేసర్ వైపు మళ్లిస్తుంది.

నడుస్తున్న కెర్నెల్లో దాదాపు ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరైనా ఆగి చూడనిచ్చే ‘కేప్రోబ్స్’ కూడా ఈ జాబితాలోదే. కొత్తవాళ్లు ఒకసారి దాని సోర్స్ ఫైలు తెరిచి పైనున్న వ్యాఖ్య చదవాలని నా కోరిక. 2002 అక్టోబరులో మొదట రాసింది ఐబీఎం భారత విభాగానికి చెందిన వంశీకృష్ణ ఎస్. అని అక్కడ ఉంటుంది. 2004లో 2.6.9 వెర్షన్‌తో అది ప్రధాన కెర్నెల్లోకి వచ్చింది. యూజర్ ప్రోగ్రాముల కోసం అదే పని చేసే ‘యూప్రోబ్స్’ 2012లో 3.5 వెర్షన్‌లో చేరింది. దాని రచయితల్లో మొదటి పేరు శ్రీకర్ ద్రోణంరాజు. కెర్నెల్ అంటే ఎక్కడో ఎవరో రాసేది, మనం కాన్ఫిగ్ చేసి వాడుకునేది అనుకుని ఉద్యోగంలో చేరేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. డీబగ్ చేసే పనిముట్లలో కొన్నిటిని మనలాంటి మనుషులే తయారుచేశారు. మీకు ఆ ఫైళ్లకు ప్యాచ్ పంపే హక్కూ ఉంది, అవకాశమూ ఉంది.

ఇక బల్ల మీది కెర్నెల్. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఎక్కువమంది రోజులు పోగొట్టుకునేది ఇక్కడే.

మెమరీ పాడవుతోందని అనుమానం ఉంటే ‘కాసాన్’. 2015లో 4.0 వెర్షన్‌తో వచ్చింది. సాధారణ రకం ప్రతి 8 బైట్లకు 1 బైటు చొప్పున నీడ మెమరీ పెట్టుకుంటుంది. మన 512 ఎంబీ బోర్డులో 64 ఎంబీ మొదటే పోయినట్టు. విడుదల చేసిన మెమరీని వెంటనే తిరిగి ఇవ్వకుండా కొంతకాలం పక్కన పెడుతుంది, దానికి మరో 16 ఎంబీ దాకా లెక్కవేసుకోండి. వేగం సుమారు మూడో వంతుకు పడిపోతుంది. ఇంత ఖర్చు దేనికంటే, అది ఇచ్చే రిపోర్టు కోసం. ‘స్లాబ్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ’ అని పై లైను చెబుతుంది. కింద మూడు స్టాక్‌లు ఉంటాయి. ఇప్పుడు తప్పుగా తాకింది ఎవరు, మొదట ఆ మెమరీ తీసుకుంది ఎవరు, విడుదల చేసింది ఎవరు. కొత్తవాళ్లు మొదటి స్టాక్ చదివి అక్కడ ఒక నల్ చెక్ పెట్టేసి పని అయిందనుకుంటారు. తప్పు ఎక్కువసార్లు మూడో స్టాక్‌లో ఉంటుంది. సెన్సర్ డ్రైవర్ తీసేసేటప్పుడు టైమర్‌ను ఆపకుండా మెమరీ విడుదల చేసి ఉంటారు, ఆ టైమర్ తర్వాత మోగి పాత అడ్రసును తాకుతుంది. ముందు మూడో స్టాక్ చదివి పైకి రండి.

కాసాన్ పెట్టగానే తప్పు కనబడడం మానేస్తే కంగారుపడకండి. కోడ్ నెమ్మదించేసరికి రెండు పనులు ఢీకొనే సమయం మారిపోయి ఉంటుంది. అప్పుడు అనుమానం రేస్ వైపు తిప్పండి. 2020లో 5.8తో వచ్చిన ‘కేసీసాన్’ అందుకోసమే. రెండూ ఒకే కెర్నెల్లో పెట్టడం కుదరదు, కాన్ఫిగ్ ఒప్పుకోదు.

బిగుసుకుపోవడమే జబ్బయితే నా మొదటి ఎంపిక మాత్రం ‘ప్రూవ్ లాకింగ్’, అంటే లాక్‌డెప్. 2006లో 2.6.18తో వచ్చిన ఈ పనిముట్టు గొప్పతనం ఏమిటంటే, డెడ్‌లాక్ నిజంగా జరగక్కర్లేదు, జరిగే వీలుందని ముందే చెబుతుంది. మన ఏరేటర్ బోర్డునే తీసుకోండి. నాలుగు కోర్ల చిప్. రిలే డ్రైవర్లో ఒక ఫంక్షన్ మామూలు స్పిన్‌లాక్ తీసుకుంది, ఇంటరప్ట్‌లను ఆపలేదు. సరిగ్గా ఆ క్షణంలో అదే కోర్ మీద ఆ డ్రైవర్ ఇంటరప్టే వచ్చింది. హ్యాండ్లర్ అదే లాక్ కోసం తిరగడం మొదలుపెట్టింది. లాక్ వదలాల్సిన ఫంక్షన్ ఆ హ్యాండ్లర్ కిందే ఆగి ఉంది. ఇక ఎవరూ కదలరు. ఇది నెలకోసారి జరగొచ్చు, సంవత్సరానికోసారి జరగొచ్చు, పరీక్షలో అసలు జరగకపోవచ్చు. లాక్‌డెప్ ఉన్న కెర్నెల్లో ఆ ఫంక్షన్ ఒకసారి, ఆ ఇంటరప్ట్ ఒకసారి, వేర్వేరు సమయాల్లో నడిస్తే చాలు. ‘ఇన్‌కన్సిస్టెంట్ లాక్ స్టేట్’ అని లాక్ పేరుతో సహా చూపిస్తుంది. ఒక్క హెచ్చరిక ఇచ్చాక లాక్‌డెప్ తనను తాను ఆపేసుకుంటుందని గుర్తుంచుకోండి. బూట్‌లో వేరే డ్రైవర్ మీద హెచ్చరిక వచ్చి ఉంటే మీ డ్రైవర్ గురించి ఆ తర్వాత ఏమీ చెప్పదు. ముందు ఆ మొదటి హెచ్చరికను సరిచేసి మళ్లీ నడపాలి. దాంతోపాటు ‘డీబగ్ అటామిక్ స్లీప్’ ఆన్ చేయండి. నిద్రపోకూడని చోట నిద్రపోయే ఫంక్షన్ పిలిస్తే వెంటనే అరుస్తుంది.

లాక్‌డెప్ వేస్తే స్పిన్‌లాక్ సైజే మారిపోతుంది. మోడెమ్ కంపెనీ సోర్స్ లేకుండా ఇచ్చిన మాడ్యూల్ ఉంటే అది ఆ కెర్నెల్లో లోడ్ కాకపోవచ్చు, బలవంతంగా లోడ్ చేస్తే కొత్త క్రాష్‌లు పుట్టిస్తుంది. ఆ మాడ్యూల్ తీసేసే పరీక్షించండి.

మెమరీ మెల్లగా కారిపోతుంటే ‘కేమెమ్‌లీక్’. ఇంతకంటే చెప్పడానికి లేదు, దాని ఫైల్లో స్కాన్ చేయమని రాసి, ఆ తర్వాత అదే ఫైలు చదవడమే.

కాన్ఫిగ్ ఫైల్లో మరో ఉచ్చు ఉంది. ఎడిటర్‌తో తెరిచి కాసాన్ ఎదురుగా ‘వై’ అని రాసినంత మాత్రాన అది ఆన్ అయినట్టు కాదు. దానికి కావలసిన వేరే ఆప్షన్ లేకపోతే తర్వాతి మేక్ కమాండ్ ఏ హెచ్చరికా లేకుండా మీ లైనును తీసేస్తుంది. రోజంతా కాసాన్ లేని కెర్నెల్‌ను పరీక్షించి ‘మెమరీ తప్పేమీ లేదు’ అని మెయిల్ పెట్టే ప్రమాదం అలాగే వస్తుంది. సోర్స్‌తో వచ్చే స్క్రిప్ట్స్ ఫోల్డర్లోని కాన్ఫిగ్ స్క్రిప్టుతో మార్చండి, ‘ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ నడపండి, ఆ తర్వాత గ్రెప్ కొట్టి ఆ లైను మిగిలిందో లేదో కళ్లతో చూడండి. ‘ఐకేకాన్ఫిగ్ ప్రాక్’ ఆన్ చేస్తే నడుస్తున్న కెర్నెలే తన కాన్ఫిగ్‌ను చూపిస్తుంది. ‘లోకల్ వెర్షన్’లో బల్లకో పేరు, గట్టుకో పేరు పెట్టండి. ఏ కెర్నెల్ మీద పరీక్షించారని మీటింగ్‌లో అడిగితే తడుముకోకూడదు.

గట్టుకు పంపే కెర్నెల్లో కాసాన్‌కు చోటు లేదు. దాని బదులు 2021లో 5.12తో వచ్చిన ‘కేఫెన్స్’ పెట్టండి. ఇది ప్రతి కేటాయింపునూ కాపలా కాయదు. మామూలు సెట్టింగులో 100 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున ఎంచుకుని దానికి అటూ ఇటూ కాపలా పేజీలు పెడుతుంది. 4 కేబీ పేజీలతో 2 ఎంబీ మాత్రమే ఖర్చు. ఒక్క బోర్డు మీద ఒక్క రాత్రిలో ఏమీ దొరక్కపోవచ్చు. చాలా చెరువుల మీద నెలల తరబడి నడిస్తే బల్ల మీద ఎన్నడూ రాని తప్పు దొరుకుతుంది.

సాక్ష్యం దాచడానికి ‘పీస్టోర్’, దానిలో ‘రామూప్స్’. ర్యామ్‌లో కొంత భాగాన్ని పక్కన పెట్టి క్రాష్ సమయంలో లాగ్‌ను అక్కడ రాస్తుంది, రీబూట్ తర్వాత అది ఫైలుగా కనిపిస్తుంది. ఇది వాచ్‌డాగ్ రీసెట్‌ను తట్టుకుంటుంది, కరెంటు పోతే తట్టుకోదు. గాలివాన వస్తే కరెంటు పోయే మన ఊళ్లలో ఈ తేడా చాలా పెద్దది. కాబట్టి రెండు జాగ్రత్తలు. రైతు స్విచ్ దగ్గరికి వెళ్లేలోపే బోర్డు తనంతట తాను రీబూట్ కావాలి. అందుకు ‘పానిక్ ఆన్ ఊప్స్’, 10 సెకన్ల పానిక్ టైమౌట్, హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ మూడూ పెట్టండి. లేవగానే ఆ ఫైలును ఫ్లాష్‌లోకి కాపీ చేసే చిన్న స్క్రిప్ట్ బూట్‌లో ముందుగా నడవాలి. బూట్‌లోడర్ ఆ ర్యామ్ భాగాన్ని తుడిచేస్తోందేమో కూడా చూసుకోండి. సిస్‌ఆర్‌క్యూ ద్వారా కావాలని ఒక పానిక్ తెప్పించి, ఫైలు వచ్చిందో లేదో పంపేముందే పరీక్షించండి. రీబూట్ అయ్యేంతసేపూ రిలే ఏ స్థితిలో ఉంటుందో హార్డ్‌వేర్ వాళ్లను అడగడం మరవద్దు. ఏరేటర్ తిరుగుతూనే ఉండాలి.

లాకప్ డిటెక్టర్లు కూడా గట్టు కెర్నెల్లోనే ఎక్కువ పనికొస్తాయి. సాఫ్ట్‌లాకప్ 20 సెకన్లకు, హంగ్ టాస్క్ 120 సెకన్లకు మామూలుగా అరుస్తాయి. కానీ పైన చెప్పిన స్పిన్‌లాక్ తప్పులో ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లే ఆగిపోతాయి కాబట్టి సాఫ్ట్‌లాకప్ దాన్ని చూడలేదు, హార్డ్‌లాకప్ డిటెక్టర్ కావాలి. మీ చిప్‌కు అది ఉందో లేదో కనుక్కోండి. ఇవి అరిచి ఊరుకుంటే లాభం లేదు, అరిచాక పానిక్ అయ్యేలా సెట్ చేస్తేనే రామూప్స్‌లో ఆనవాలు పడుతుంది. సర్వర్ల మీద పనిచేసేవాళ్లకు ‘కేడంప్’ ఉంది. 2005లో 2.6.13తో వచ్చింది, మొత్తం మెమరీ చిత్రాన్నే పట్టి ఇస్తుంది. దానికోసం పక్కన పెట్టాల్సిన మెమరీ చిన్న బోర్డు మోయలేదు.

సొంత ఊరి నుంచి ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లకు ఒక మాట. బల్ల కెర్నెల్‌ను ముందు క్యూఈఎంయూ ఎమ్యులేటర్లో లేపండి. బోర్డు కొరియర్‌లో వచ్చేదాకా ఆగక్కర్లేదు, డ్రైవర్‌తో సంబంధం లేని తప్పులు చాలావరకు అక్కడే తేలతాయి. కెర్నెల్ టైపుల సమాచారం దాచే ‘బీటీఎఫ్’ అవసరం లేకపోతే తీసేయండి, బిల్డ్ చివర్లో అదే ఎక్కువ మెమరీ లాగుతుంది.

గట్టుకు పంపిన ప్రతి బిల్డ్‌కూ దాని వీఎంలైనక్స్‌ను, కాన్ఫిగ్‌ను ఒకే ఫోల్డర్లో, కమిట్ సంఖ్యతో భద్రపరచండి. ఆరు నెలల తర్వాత రామూప్స్ ఫైలు వచ్చినప్పుడు ‘డీకోడ్ స్టాక్‌ట్రేస్’ స్క్రిప్టుకు సరిగ్గా ఆ వీఎంలైనక్స్ ఇస్తేనే ఏ ఫైలు, ఏ లైను అన్నది తేలుతుంది. మళ్లీ బిల్డ్ చేసినదిస్తే తప్పు లైను చూపించవచ్చు. తప్పు దొరికి, దిద్దిన ప్యాచ్‌ను ప్రధాన కెర్నెల్‌కు పంపాలనుకుంటే డాక్యుమెంటేషన్ ఫోల్డర్లో ‘సబ్మిట్ చెక్‌లిస్ట్’ అనే చిన్న పత్రం ఉంది. లాక్‌ల పరీక్షలు, పేజ్ అలాక్ పరీక్ష, అటామిక్ స్లీప్ అన్నీ ఒకేసారి ఆన్ చేసి పరీక్షించారా అని అది అడుగుతుంది. మీ బల్ల కాన్ఫిగ్‌ను ఆ పత్రం పక్కన పెట్టి ఈ వారంలోనే ఒకసారి సరిపోల్చుకోండి.