పాఠము నుండి పుట్టిన ప్రశ్న

నెల్లూరు జిల్లా కలిగిరి మండలములోని దూబగుంట సముద్రతీర గ్రామము కాదు, మెట్టపల్లె. అయినను బడి యనగా అక్షరములు దిద్దించు చోటు మాత్రమే యని తలచు పంచాయతీ సభ్యులు, తీరమువారైనను సరే, ఆ యూరి కథను తెలిసికొనదగును.

1991 ప్రాంతమున సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము క్రింద అచ్చట రాత్రిబడి నడచినది. వాచకములలో సీతమ్మ కథ యను పాఠ ముండెను. సారా వలన చెడిన సంసారమున ఒక స్త్రీ పడిన బాధ అందలి విషయము. చదివిన స్త్రీలు అది తమ కథయే యని గుర్తించిరి. కూలి డబ్బు ఇల్లు చేరక ఎచ్చటికి పోవుచున్నదని తర్కించుకొని, ఊరి సారా దుకాణమును మూయించిరి. వారిలో దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతట వినబడినది. ఆ యుద్యమ ఫలితముగా 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. రెండవది 1997లో సడలినది. అది వేరు సంగతి.

వారు పెద్దలు గదా, అంగన్‌వాడీలోని నాలుగేండ్ల బిడ్డకు ఇట్టి చదువేల యని కొందరడుగవచ్చును. బిడ్డకు ఉద్యమము నేర్పుమని ఎవరును చెప్పుట లేదు. బొమ్మల పుస్తకములో పెంకుటిల్లు, పడక కుర్చీలో తండ్రి, వంటయింట తల్లి కనబడుదురనుకొనుడు. పట్టపుపాలెములోని బిడ్డ తల్లి తెల్లవారకముందే చేపల గంపతో బజారునకు పోవును. యానాదుల బిడ్డ ఇల్లు తాటాకు గుడిసె కావచ్చును. "ఈ బొమ్మలో ఎవరున్నారు? ఎవరు లేరు? మీ ఇంట ఎవరేమి పని చేయుదురు?" అని టీచరు అడిగిన చాలును. అచ్చులో నున్నదంతయు లోకము కాదని బిడ్డ గ్రహించును. తన ఇల్లు సిగ్గుపడదగినది కాదనియు గ్రహించును. ఈ రెండవది అక్షరములకంటె ముందు రావలెనని నా యభిప్రాయము. పట్టపువారి ఇండ్లలో తమిళమునకు దగ్గరగా నుండు మాట వినబడును. దానిని బడిలో వెక్కిరించిన బిడ్డ నోరు మూతపడును.

ఇందు పంచాయతీ పని యేమి? రాజ్యాంగపు 11వ షెడ్యూలులో ప్రాథమిక విద్య, స్త్రీ శిశు సంక్షేమము రెండును చేరియున్నవి. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులు, సగము స్త్రీలు ఉండవలెను. బలహీన వర్గముల తలిదండ్రులకు తగిన స్థానము కలదు. యానాది తల్లి పేరు పట్టికలో నుండి, సమావేశపు కబురు ఆమెకు చేరకున్న ఆ స్థానము కాగితము మీదిదే. సమావేశము ఆమె కూలికి పోవు వేళ కాక సాయంత్రము పెట్టవలెను.

ఇట్లు చదివిన బిడ్డ, కుళాయి పెద్దవీధి వరకే వచ్చి తమ పాలెమునకు ఏల రాలేదని ఒకనాడు అడుగును. ఆ ప్రశ్న టీచరుకు కాదు, మీకు. బిడ్డను గద్దింపక, గొట్టము ఎచ్చట ఆగినదో పోయి చూచి రండు.