కదిలే దంతం – కాపలా కణాలు

"సార్, ఎముకలో దిగగొట్టినట్లున్న పన్ను ఎట్లా కదులుతుంది?" అని ఇంటర్మీడియట్ విద్యార్థిని ఒకతె తరగతిలో నన్ను ప్రశ్నించినది. పలువరుస సరిచేయించుకొనుటకై ఆమె తీగ కట్టించుకొని అప్పటికి నాలుగు దినములైనది. నొప్పికి తాళలేక మందుల దుకాణంలో మాత్రలు కొని మూడు పూటలా వేసుకొంటున్నదట. నొప్పి ఉన్నదంటే లోపల ఏదో చెడిపోయినదని ఆమె భయం. తీగ తీసివేయించమని తల్లిని అడుగుతున్నది. ఆనాడు ఆమెకు చెప్పిన సమాధానాన్నే కొంత విస్తరించి ఈ వ్యాసంగా విద్యార్థుల ముందుంచుతున్నాను.

దంతం – దాని పాదు

దంతమూలం దవడ ఎముకకు నేరుగా అతుక్కొని ఉండదు. రెంటికీ నడుమ సుమారు 0.2 మిల్లీమీటర్ల మందం గల పీచుపొర ఒకటి ఉన్నది. దీనిని పెరిడాంటల్ లిగమెంటు అంటారు. ఉయ్యాలను తాళ్ళు పట్టి ఉంచినట్లు ఈ పీచులు దంతాన్ని పట్టి ఉంచుతవి. ఈ పొరలో రక్తనాళాలు, నరాలు, పీచును తయారుచేసే కణాలు, వాటి నడుమ కొద్దిపాటి రక్షక కణాలు ఉన్నవి.

ఎముక కూడా పలువురు తలచునట్లు జడపదార్థం కాదు. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను కరగించి తొలుస్తుంటే, ఆస్టియోబ్లాస్టులనే కణాలు కొత్త ఎముకను కడుతుంటవి. ఈ కూల్చుట, కట్టుట అనే రెండు పనులు జీవితాంతం సాగుతూనే ఉంటవి. దంతవైద్యుడు అమర్చిన తీగ చేసేదల్లా ఈ రెండు పనులు ఎక్కడ జరగవలెనో నిర్ణయించుటయే.

తొలి పరిశోధనలు

1904–05 సంవత్సరాలలో స్వీడన్ దేశీయుడైన కార్ల్ శాండ్‌స్టెడ్ కుక్కల దంతాలను కదిలించి, ఆ కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించినాడు. దంతం ఒరిగిన వైపున ఎముక అరిగినది. వెనుక వైపున కొత్త ఎముక పెరిగినది. అయితే బలం మితిమీరిన చోట వేరొక దృశ్యం కనిపించినది. రక్తనాళాలు నలిగి, కణాలు మరణించి, ఆ ప్రాంతం గాజువలె మారినది. అక్కడ ఎముకను ఎదుట నుండి కాక వెనుక నుండి తొలుచుకొని రావలసి వచ్చినది. 1932లో ష్వార్జ్ అను శాస్త్రజ్ఞుడు, దంతంపై ఒత్తిడి సన్నని రక్తకేశనాళికలలోని ఒత్తిడిని, అనగా చదరపు సెంటీమీటరుకు 20–26 గ్రాములను మించరాదని ప్రతిపాదించినాడు.

ఎముకను తొలిచే కణాలను అక్కడికి పిలిచేది ఎవరు? వాటిని అదుపులో ఉంచేది ఎవరు? ఈ ప్రశ్నలకు జవాబు చాలా కాలం తరువాత రక్షక కణాల అధ్యయనంలో లభించినది.

శత్రువు లేని యుద్ధం

తీగ ఒత్తిడికి పీచుపొరలోని కణాలు నలుగుతవి. కొన్ని గాయపడుతవి. అవి ప్రోస్టాగ్లాండిన్లు, ఇంటర్‌ల్యూకిన్–1 మొదలగు రసాయనాలను విడుదల చేస్తవి. వీటిని ఆపదలో వేసిన కేకలుగా భావించవచ్చు. వెంటనే రక్తనాళాలు విచ్చుకొంటవి. తెల్లరక్తకణాలు బయటకు వస్తవి. ఇక్కడ సూక్ష్మజీవి ఏదీ లేదు. అయినా శరీరం వాపుతో స్పందిస్తుంది. దీనిని క్రిమిరహితమైన వాపు అనవచ్చు.

మొదట వచ్చేవి న్యూట్రోఫిల్ కణాలు. వెనువెంట మోనోసైట్లు వచ్చి మాక్రోఫేజ్‌లుగా, అనగా మహాభక్షక కణాలుగా మారుతవి. కణాలు పరపదార్థాలను మ్రింగి శరీరాన్ని రక్షిస్తవని 1882లో మెస్సీనా నగరంలో నక్షత్రచేప పిల్లలపై పరిశీలించి చెప్పినవాడు మెచ్నికోవ్. 1908లో ఆయనకు ఎర్లిఖ్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించినది. దంతమూలం చెంత ఈ భక్షక కణాలు మృతకణాలను తొలగించి బాట చేస్తవి. ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో ఇవి తొలిదశలో వాపును పెంచి ఎముక కరుగుటకు తోడ్పడుతవనీ, పిదప శాంతించి నిర్మాణానికి సహాయపడుతవనీ తేలినది.

మరొక విశేషం. ఎముకను తొలిచే ఆస్టియోక్లాస్టులు ఎముకలో పుట్టినవి కావు. ఇవి కూడా మోనోసైట్ల వంశానికి చెందినవే. అట్టి కణాలు కొన్ని ఏకమై, అనేక కేంద్రకాలు గల ఒక పెద్ద కణంగా రూపొందుతవి. ఇందుకు ఆజ్ఞ ఇచ్చే పదార్థం పేరు ర్యాంకెల్. దీనిని 1990ల చివర గుర్తించినారు. పీచుపొరలోని కణాలు, ఎముక కణాలు, టీ–లింఫోసైట్లు కూడా దీనిని తయారుచేయగలవు. దీనికి అడ్డుపడే ఆస్టియోప్రొటెగెరిన్ అనే పదార్థం కూడా ఉన్నది. ఒత్తిడి పడిన వైపున మొదటిది పెరిగి, రెండవది తగ్గుటచేత ఎముక కరుగుతుంది.

టీ–లింఫోసైట్లలో ఇంటర్‌ల్యూకిన్–17 స్రవించే తెగ ఈ పనిని వేగిరపరుస్తుంది. నియంత్రక తెగ పగ్గం వేస్తుంది. టీ–కణాలు లేని ఎలుకలలో దంతాల కదలిక తగ్గినట్లు ప్రయోగాలలో కనిపించినది. ఎముకకూ రక్షణ వ్యవస్థకూ గల ఈ బాంధవ్యాన్ని అధ్యయనం చేసే శాఖకు 2000వ సంవత్సరంలో ఆస్టియోఇమ్యునాలజీ అని నామకరణం జరిగినది.

మనం గ్రహించవలసినది

మొదటిది: తీగ వేసిన తరువాత నొప్పి సాధారణంగా ఒక దినానికి తీవ్రమై, వారంలోగా తగ్గుతుంది. అది కణాలు పనిచేస్తున్నవనుటకు సూచన. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకొంటవి. వాటిని చాలాకాలం వాడితే దంతం కదలిక మందగించవచ్చు. కనుక మాత్రను నిర్ణయించవలసినది దంతవైద్యుడే గాని దుకాణదారుడు కాదు.

రెండవది: దంతం నెలకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే కదులుతుంది. పెండ్లి ముహూర్తం దగ్గరపడినదని తీగ బిగింపుమనుట తగదు. బలం హెచ్చితే దంతం ఆగిపోవుటే కాక, మూలం కొన అరిగిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: చిగుళ్ళ వ్యాధి ఉన్నవారిలో ఈ కణాలు అప్పటికే సూక్ష్మజీవులతో పోరాడుతుంటవి. ఆ స్థితిలో తీగ వేస్తే కూల్చుట మిగిలి, కట్టుట వెనుకబడుతుంది. పోయిన ఎముక తిరిగి రాదు. ముందు చిగుళ్ళకు చికిత్స, ఆ పిదపనే తీగ. పొగత్రాగేవారికీ, మధుమేహం అదుపులో లేనివారికీ ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది.

నాలుగవది: తీగ తీసిన తరువాత ఇచ్చే నిలుపు పరికరాన్ని వైద్యుడు చెప్పినంత కాలం ధరింపవలె. చిగుళ్ళలోని సాగిన పీచులు కొత్త స్థానానికి అలవాటు పడుటకు నెలలు పడుతుంది. అంతవరకు అవి దంతాన్ని పాతచోటికే లాగుతుంటవి.

ఆ విద్యార్థిని తీగ తీయించలేదు. దుకాణం మాత్రలు మానివేసి దంతవైద్యుని వద్దకే తిరిగి వెళ్ళినది. కాని ఆమెవలె అడిగేవారు కొందరే; అడగక భయపడేవారు, తెలియక చిగుళ్ళను పాడుచేసుకొనేవారు పెక్కుమంది. కళాశాల కమిటీ పెద్దలు ఏటా ఒక్క దినం దంతపరీక్షా శిబిరం ఏర్పాటు చేయించినచో విద్యార్థులకు గొప్ప మేలు చేసినవారగుదురు.

విద్యార్థులారా! కూల్చేవాడినీ కట్టేవాడినీ ఒకే యజమాని అదుపులో ఉంచినప్పుడే ఇల్లు చక్కబడుతుంది. మన దవడలో ఆ యాజమాన్యం చేస్తున్నవి కంటికి కనిపించని కాపలా కణాలు. వాటి పనికి తొందరపాటుతో అడ్డు తగలక, ఓర్పుతోను శుభ్రతతోను తోడ్పడుటయే మన వంతు.