పెరటి కోళ్ళ వ్యాధులు: గుర్తింపు, చికిత్స

పుదుచ్చేరి పట్టణమునందు ముత్తియాల్‌పేట, ముదలియార్‌పేట, లాస్‌పేట వంటి పేటలలో, ఇంటి వెనుక కొంచెము పెరడు గల కుటుంబములు నాలుగైదు కోళ్ళను పెంచుకొనుట కలదు. పిల్లలకు గ్రుడ్డు, అవసరమునకు నాలుగు రూపాయలు వానివలన లభించును. అట్టి యింట ఒక్క వారములో కోళ్ళన్నియు చచ్చినచో ఆ నష్టము చిన్నది కాదు. అంతకన్న ముఖ్యమైన విషయము మరియొకటి యున్నది. కోళ్ళ వ్యాధులలో కొన్ని మనుష్యులకును సోకును. కావున ఏ వ్యాధి నయమగునో, దేనికి మందు లేదో, ఏ కోడిని తాకరాదో పెంచువారు తెలిసికొని యుండవలెను.

ప్రతి ఉదయము చేయవలసిన పరీక్ష

గూడు తెఱచు వేళయే పరీక్షకు తగిన సమయము. ఆరోగ్యముగల కోడి తలుపు తీసినంతనే బయటికి వచ్చి మేతకు పరుగెత్తును. దాని కన్నులు నిర్మలముగను, జుట్టు ఎఱ్ఱగను, ఈకలు నున్నగను ఉండును. రెక్కలు వ్రేలవేసి మూల నిలుచునది, కునుకుచుండునది, మేత ముట్టనిది రోగముతో నున్నదని గ్రహింపవలెను. దానిని వెంటనే దూరముగ వేఱొక గంప క్రింద నుంచి, మేత, నీరు ప్రత్యేకముగ నీయవలెను. మంచి కోళ్ళ పని ముగించిన పిదపనే రోగియైన కోడిని చూచి, చేతులను సబ్బుతో కడుగుకొనవలెను.

మందు లేని వ్యాధి

సాధారణముగ వచ్చు వ్యాధులలో మిక్కిలి భయంకరమైనది కొక్కెర తెగులు. మన దేశమున 1927లో కుమావూన్ కొండలలోని రాణిఖేత్ వద్ద గుర్తింపబడినందున దీనికి రాణిఖేత్ వ్యాధి యనియు పేరు. కోడి నోరు తెఱచి ఆయాసపడును. రెట్ట ఆకుపచ్చగ, పలుచగ పారును. మెడ మెలి తిరుగును. కాళ్ళు, రెక్కలు చచ్చుబడును. టీకా పొందని కోళ్ళలో నూటికి తొంబది వరకు చావవచ్చును. ఇది వైరసు వలన కలుగునది. వెల్లుల్లి, మిరియము మ్రింగించినను, మనుష్యుల మందుబిళ్ళలు వేసినను ఇది మానదు.

రక్షణ టీకా యొక్కటియే. పిల్లలకు 5 నుండి 7 దినముల వయస్సులో కంటిలోగాని ముక్కులోగాని ఒక చుక్క వేయుదురు. లసోటా అను టీకా ఇందుకు వాడబడును. నాలుగవ వారమున మరల చుక్క, ఎనిమిదవ వారమున సూది వేయించుట మంచిది. టీకామందును మంచులో నుంచి తేవలెను. ఎండ తగిలినచో దాని శక్తి నశించును. జబ్బుపడిన కోళ్ళకు టీకా వేయరాదు.

నయము కాగల వ్యాధులు

పుదుచ్చేరిలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు కురియును. గూటి నేల తడిసినప్పుడు మూడు నుండి ఆరు వారముల పిల్లలకు రక్తముతో కూడిన విరేచనములు పట్టును. నేలను ఎండబెట్టి, పొడి ఊకను పఱచి, పశువైద్యుడు చెప్పిన మోతాదున ఆంప్రోలియము నీటిలో కలిపి యిచ్చినచో పెక్కు పిల్లలు బ్రదుకును.

జుట్టుపైనను కనురెప్పలపైనను పొక్కులు లేచి పెచ్చులు కట్టుట కోళ్ళ మశూచి. దోమలు దీనిని వ్యాపింపజేయును. పెచ్చులకు అయొడిన్ పూసి, మెత్తని మేత పెట్టినచో మూడు నాలుగు వారములలో తగ్గును. నోటిలోనికి వ్యాపించినచో వైద్యునికి చూపవలెను.

బాగుగ తినుచున్నను చిక్కిపోవు కోడికి కడుపులో పురుగు లుండవచ్చును. వైద్యుడు పురుగుల మందు నిచ్చును. రెక్కల క్రిందను, తోక మూలమునను ఈకలను విడదీసి పేలకై వెదకవలెను. గోమార్లు పగలు గూటి పగుళ్ళలో దాగి రాత్రివేళ రక్తము త్రాగును. పగుళ్ళను పూడ్చి సున్నము కొట్టవలెను. కోళ్ళు పొర్లుటకు పొడి బూడిద, ఇసుక ఒక మూల ఉంచవలెను. మందు వాడిన దినములలో గ్రుడ్లు తినవచ్చునో లేదో వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

తాకరాని కోడి

కోళ్ళు హఠాత్తుగ గుంపుగా చచ్చినను, తల వాచి జుట్టు నీలముగ మాఱినను పక్షి జ్వరమని శంకింపవలెను. కొక్కెర తెగులునందును ఆకస్మిక మరణము లుండును గనుక, పరీక్షవలననే భేదము తెలియును. మన దేశమున ఈ జ్వరము 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూరునందు మొదట కనబడినది. 2025లో గోదావరి జిల్లాల కోళ్ళఫారములకు సోకినది. ఆ యేడే పల్నాడు జిల్లాలో ఒక పసిబాలిక ఈ వైరసు వలన మరణించినది.

ఇట్టి కోడిని వట్టి చేతులతో తాకరాదు, కోయరాదు, వండరాదు, అమ్మరాదు. పట్టణమును చీల్చు పెద్ద కాలువలోగాని, చెత్తకుప్పపైగాని పాఱవేయరాదు. పిల్లలను దూరముగ నుంచి, పశుసంవర్ధక శాఖవారికి తెలియజేసి, వారు చెప్పినట్లు నడువవలెను. కోళ్ళు చచ్చిన యింట ఎవరికైనను జ్వరము, దగ్గు వచ్చినచో వైద్యునికి ఆ సంగతి తప్పక చెప్పవలెను. ఆరోగ్యముగల కోడి మాంసమునైనను, గ్రుడ్డునైనను పూర్తిగ ఉడికించియే తినవలెను.

పట్టణమునకు సమీపమున కురుంబపేటలో 1994లో నెలకొల్పబడిన పశువైద్య కళాశాల కలదు. రోగము వచ్చిన పిదప పరుగెత్తుటకన్న, వానలకు ముందే టీకా వేయించి, ప్రతి ఉదయము గూటి తలుపు కడ ఒక నిమిషము నిలిచి చూచుట మేలు. ఆ నిమిషము కోళ్ళను, ఇంటి పిల్లలను కూడ కాపాడును.