వాట్సాప్‌లో ఎవరి మాట ఎవరిదో తెలిసేలా కోట్ చేయడం ఎలా?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటి రాత్రి గ్రూపులో వచ్చిన మెసేజ్‌లో వాతావరణ శాఖ హెచ్చరిక ఏదో, పంపినవాళ్ల ఊహ ఏదో తెలియకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే కోట్ చేసే పద్ధతి నేర్చుకుందాం.

1. మెసేజ్‌ని కుడివైపు స్వైప్ చేస్తే రిప్లై ఆప్షన్ వస్తుంది. అదే గ్రూపులో మాట్లాడుకోడానికి ఇది చాలు. కానీ ఆ రిప్లైని ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేస్తే పాత మెసేజ్ వెంట రాదు, మీ మాట ఒక్కటే వెళ్తుంది.

2. కాబట్టి అసలు మాటని కాపీ చేసి, లైను మొదట్లో > గుర్తు, ఒక స్పేస్ పెట్టండి. పాత ఈమెయిల్స్‌లో వాడిన గుర్తే ఇది. వాట్సాప్‌లోకి 2024లో వచ్చింది. కొత్త లైనుకి మళ్లీ పెట్టాలి.

3. పైన ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాయండి.

4. అవసరమైన ముక్కే ఉంచండి. వదిలేసిన చోట మూడు చుక్కలు పెట్టండి. మీరు బోల్డ్ చేయొద్దు.

5. ఒక లైను ఖాళీ వదిలి మీ మాట రాయండి.

నమూనా ఇలా ఉంటుంది:

వాతావరణ శాఖ, ఈరోజు ఉదయం 8 గంటలకు:
> మత్స్యకారులు రేపు సాయంత్రం వరకు వేటకు వెళ్లరాదు.

చిన్నాన్నా, పడవ ఒడ్డు మీదికి లాగించేశారా?

ఇందులో తేదీ, సమయం లేకపోతే ఇదే మెసేజ్ వారం తర్వాత కూడా తిరుగుతుంది. అప్పుడు ‘రేపు’ అంటే ఏ రోజో ఎవరికీ తెలీదు. అందుకే ‘ఈరోజు’ బదులు తేదీ వేస్తే ఇంకా మంచిది.