పిల్లికూనను పెంచుకొనువారు తెలిసికొనవలసిన విషయములు

భిలాయి ఉక్కు కర్మాగారములోని మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభమైనది. ఆ నిర్మాణకాలమున కార్మికుల నివాసముగా వెలసిన పేటలలో క్యాంప్ 1 ఒకటి. ఉత్తరాంధ్రమునుండి వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు ఇచ్చట స్థిరపడినవి. ఇండ్లు చేరువచేరువగా ఉండు ఇట్టి పేటలలో పిల్లి ఒక యింట ఈనును. మరియొక యింట తిరుగును. బిడ్డలు కూనను చూచి ముచ్చటపడి తెచ్చుకొందురు. తెచ్చుటకు ముందు పెద్దలు ఈ క్రింది సంగతులను గ్రహింపవలెను.

ఎప్పుడు తేవలెను?

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని పెద్దలందురు. ఒంటరిగా కనిపించిన కూన దిక్కులేనిదని వెంటనే తలంపరాదు. తల్లి తక్కిన కూనలను చేరవేయుచుండవచ్చును. కొన్ని గంటలు దూరమునుండి గమనింపుడు. కూనలు పుట్టిన వారము, రెండు వారములలో కన్నులు తెరచును. నాలుగు వారములవరకు తల్లిపాలే ముఖ్యాహారము. ఎనిమిది వారములు నిండిన పిదప వేరుచేయుట మేలు.

ఆహారము, అలవాట్లు

ఆవుపాలు పెక్కు పిల్లులకు జీర్ణముకాక విరేచనములు కలిగించును. పిల్లి మాంసాహారి, వట్టి పెరుగన్నముతో అది ఆరోగ్యముగా పెరుగజాలదు. ముల్లు తీసి ఉడికించిన చేప, కోడిమాంసము, గ్రుడ్డు కొద్దికొద్దిగా దినమునకు మూడు, నాలుగు సార్లు పెట్టవలెను. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర పెట్టరాదు. మనుష్యులు వాడు పారాసెటమాల్ మాత్ర పిల్లికి ప్రాణాంతకము. భిలాయి వేసవిలో చల్లని నీరు, నీడ ఎల్లప్పుడు అందుబాటులో ఉండవలెను.

క్రొత్త యింటిలో కూన మొదట మంచము క్రింద దాగును, రాత్రి అరచును. ఇది సహజము. బలవంతముగా లాగరాదు. మలవిసర్జనకు ఒక మూల ఇసుకతట్ట నుంచినచో త్వరలోనే అలవాటుపడును.

టీకాలు

కూనను పశువైద్యునికి చూపి, కడుపులోని పురుగులకు మందు వేయింపుడు. పిల్లులకు వచ్చు అంటువ్యాధుల టీకాలు ఆరు, ఎనిమిది వారముల వయస్సునుండి మొదలగును. రేబీస్ టీకాను మూడు నెలలు నిండగానే వేయించి, వైద్యుడు చెప్పిన గడువున మరల వేయింపవలెను.

కరచినను, గీరినను

రేబీస్ కుక్కవలననే వచ్చునను భ్రమ కొందరికి కలదు. ఆ వ్యాధి సోకిన పిల్లివలనను రావచ్చును. లక్షణములు పైబడిన పిదప రోగి బ్రతుకుట మిక్కిలి అరుదు. కాని సకాలమున చికిత్స పొందినచో వ్యాధిని నివారింపవచ్చును. గాయమును వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడుగుడు. కారము, సున్నము, పసుపు పూయరాదు. అదే దినమున ఆసుపత్రికి పొండు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితము. వైద్యుడు చెప్పిన మోతాదులన్నియు పూర్తిచేయుడు.

గాయమును చూపిన బిడ్డను దండింపకుడు. దెబ్బలకు వెరచి బిడ్డ చిన్న గీతను దాచినచో, ఆ దాపరికమే ప్రాణముమీదికి తెచ్చును. గీత పడిన వెంటనే చెప్పవలెనని ముందుగానే బిడ్డలకు బోధింపుడు.

గర్భిణులు

పిల్లి మలముద్వారా టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి వ్యాపించి గర్భస్థ శిశువునకు హాని చేయవచ్చును. ఇది బయటపడిన ఒకటి, రెండు దినములకు గాని అంటు శక్తి పొందదు. కావున ఇసుకతట్టను ప్రతిదినము శుభ్రపరుపవలెను. ఆ పని గర్భిణి చేయరాదు. ఇందుకై పిల్లిని వీధిపాలు చేయనక్కరలేదు.

సంతానము

ఆడకూన నాలుగు, ఐదు నెలలకే చూలు దాల్పవచ్చును. రెండు నెలలలో ఈనును. పోషింపలేని కూనలను బజారున విడుచుటకంటె ముందుగానే పశువైద్యునిచే శస్త్రచికిత్స చేయించుట దయ.

ఇంటిపిల్లి పండ్రెండు, పదునైదేండ్లు జీవించును. అంతకాలము దాని తిండి, టీకాలు, సంరక్షణ మన బాధ్యతయని యింటివారందరు అంగీకరించిన పిమ్మటనే కూనను తెచ్చుకొనుడు.